మిల్లు మూశాక కాదు, నడుస్తుండగానే మట్టి పరీక్ష!



కొడైకెనాల్ థర్మామీటర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. నిపుణులు మట్టి నమూనాలు తీసి పాదరసం కొలిచారు. శుద్ధి చేశాక కిలో మట్టిలో 20 మిల్లీగ్రాముల దాకా మిగలవచ్చని కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకుంది. 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ ఒప్పందం మాత్రం 2016లో గాని కుదరలేదు! మట్టికి కొలత ఉంది, మన ఒంటికి లేదా?

భూగర్భ శాస్త్రవేత్తపై మనకు కోపం లేదు. ఆయన్ను అంతా అయ్యాక పిలవడంపైనే మన పోరు. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. కాబట్టి ఖర్చు యజమానిదే. రిపోర్టు మాత్రం మన చేతికీ రావాలి, తమిళంలోనూ తెలుగులోనూ రావాలి. మిల్లు నడుస్తుండగానే మట్టినీ బావినీళ్లనూ పరీక్షించాలి. కోర్కెల పత్రంలో దీన్ని చేరుద్దాం, సాధిద్దాం!