గోడలోని చార్జర్‌కూ పరీక్ష పెట్టండి

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) డైరెక్టర్ జనరల్ గారికి,

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కరెంటు స్తంభాలను కూల్చాక, సెల్‌ఫోన్ పట్టుకుని జనరేటర్ల చుట్టూ తిరిగినవాళ్లం. చార్జింగ్ విలువ మాకొకరు చెప్పక్కర్లేదు.

మొన్నటి వానాకాలం వంటింట్లో యూఎస్‌బీ సాకెట్ పెట్టించాను. ఓ రాత్రి కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. గోడలో టప్పుమంది, కాలిన వాసన. ఎలక్ట్రీషియన్ విప్పి చూపించాడు: అగ్గిపెట్టెంత బోర్డు, ఉబ్బిన కెపాసిటర్, ఉప్పుగాలికి పచ్చబారిన కాళ్లు. "మామూలు ప్లగ్గయితే ఇరవయ్యేళ్లుంటాది బాబూ. ఇది చార్జరు కదా!" అన్నాడు.

నిజమే. మామూలు సాకెట్‌లో ఉండేది లోహపు రేకులే. ఇందులో 230 వోల్టుల కరెంటును 5 వోల్టులకు దించే సరంజామా ఉంది. విడిగా స్విచ్ లేకపోతే దానికి రాత్రీ పగలూ విరామం లేదు.

సాకెట్లకు మీ ఐఎస్ 1293 ప్రమాణం ఉంది. గోడలో దూరిన ఈ చార్జర్‌ను వోల్టేజీ ఎగుడుదిగుళ్లకూ, తీరప్రాంతపు ఉప్పుగాలికీ కూడా పరీక్షించండి. రెండు పోర్టులుంటే ఒక్కోదానికి నిజంగా ఎన్ని ఆంపియర్లు అందుతాయో అట్టపెట్టె మీద కాదు, సాకెట్ మీదే రాయించండి. అట్టపెట్టెను ఎవరు దాస్తారండీ! పాడైతే లోపలి బోర్డొక్కటే మార్చుకునే వీలూ కల్పించండి.

ఇట్లు,
ఉద్దానం వినియోగదారుడు