శేషాచల సోపానమార్గమున గ్రీష్మము

వైశాఖ జ్యేష్ఠముల యెండకు శేషాచలమున వృక్షము లనేకము ఆకురాల్చి నిలువగా, అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లెక్కు యాత్రికుని కన్నులకు చలువ నొసగునది రేలపూవు. మూరెడు పొడవున వ్రేలాడు ఆ పసుపుగుత్తులలో ఒక్క పూవును చేరదీసి చూచినచో, అయిదు రేకుల నడుమ మూడు కేసరములు మాత్రము తక్కినవానికంటె నిడుపై, కొక్కెమువలె పైకి వంగి యుండును. వానిపై వ్రాలిన నల్లతుమ్మెద ఝంకారము బాటపై నిలిచినవారికి వినవచ్చును. దుప్పులు మెట్ల చేరువకే వచ్చుచున్నవి. వానికి తినుబండారము లందించుట ప్రేమ కాదని మా దృఢాభిప్రాయము. రాతినెఱియలలో పగలెల్ల దాగియుండు బంగారుబల్లి రాత్రి గాని వెలికి రాదు. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటింపబడిన యీ కొండల గ్రీష్మశోభకే ప్రస్తుత సంచికను కేటాయించితిమి. పాఠకులు తమ యూరి కొండబాటలలో ఈ వేసవిని చూచిన పూలను, పిట్టలను గూర్చి మాకు వ్రాయ ప్రార్థన.