బద్‌గుమానీతో బండి బాగవదు

మా ప్రత్తిపాడులో అబ్బాజాన్ షెడ్డుకు ఒక పాత శక్తిమాన్ లారీ వచ్చేది. మిలిటరీ వేలంలో అమ్ముడుపోయి, చేతులు మారి మా వైపు చేరిన బండి. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1950ల చివర్లో జబల్‌పూర్‌లో మొదలైన ఆ లారీల తయారీ 1996లో ఆగిపోయింది.

ఒకసారి మిర్చి టిక్కీలు ఎత్తి గుంటూరు యార్డుకు బయల్దేరబోతే సెల్ఫ్ తిరగలేదు. ‘టక్’మని ఆగిపోయింది. అబ్బాజాన్ ఊళ్లో లేరు. నేను జోష్‌లో సెల్ఫ్ మోటార్ విప్పి వైండింగుకు పంపించాను. రెండు రోజుల తర్వాత బిగిస్తే మళ్లీ అదే ‘టక్’. టిక్కీలు వేరే లారీలో వెళ్లిపోయాయి.

అబ్బాజాన్ వచ్చి ఎర్త్ తీగ బోల్టు విప్పారు. కింద తుప్పు, దాని మీద పెయింటు. గీకి బిగించగానే ఇంజన్ లేచింది. ఓనర్ దగ్గర నేను తీసుకున్న వైండింగు డబ్బు అబ్బాజాన్ తన జేబులోంచి వాపస్ ఇచ్చారు. ‘‘బేటా, షక్ నీది. దాని ఖర్చు ఆయన ఎందుకు మోయాలి?’’ అన్నారు.

ఈనాటి రిపేర్లలో నాకు నచ్చనిది ఇదే. తహ్కీక్ లేకుండానే ఫైసలా. పార్టు మార్చి చూద్దాం, కాకపోతే ఇంకోటి మారుద్దాం అంటారు. తయారీ ఆగిన బండిలో తీసి పారేసిన మంచి సామాను మళ్లీ దొరకడం కష్టం.

ముందు బ్యాటరీ, టెర్మినల్స్, ఎర్త్ చూడాలి. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బాడీకీ మధ్య మీటర్ పెడితే వోల్టేజి సున్నాకు దగ్గరగా ఉండాలి. ఎక్కువ చూపిస్తే లోపం ఎర్త్‌లోనే. ఇంజన్ లేచి వెంటనే చచ్చిపోతుంటే పంపు విప్పకండి. ముందు ట్యాంకు నుంచి వచ్చే పైపులు చూడండి. ఎండి పగిలిన పైపు ఒక్కోసారి డీజిల్ కార్చదు, గాలి పీలుస్తుంది. దాన్ని మార్చి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టండి. వీటికి పెద్ద ఖర్చు ఉండదు. సబర్ ఉంటే చాలు.

హునర్ అంటే నా దృష్టిలో చేతివాటం ఒక్కటే కాదు, ఇమాన్‌దారీ కూడా. మీ అబ్బాయిని షెడ్డులో షాగిర్దుగా పెట్టేటప్పుడు ఉస్తాద్ ఎన్ని బండ్లు బాగుచేశాడో అడగండి. తన తప్పుకు ఎప్పుడైనా పైసలు వాపస్ ఇచ్చాడా అని కూడా అడగండి.