మన ఇంటి రైహాన్

రమజాన్ మాసంలో ఇఫ్తార్ వేళ ఖర్జూరం తరువాత మన చేతికి అందేది చల్లని షర్బత్. ఆ గ్లాసులో తేలియాడే సబ్జా గింజలంటే పిల్లలకు ఎంతో ఇష్టం. అదే మొక్క రెమ్మలను గులాబీ రేకులతో కలిపి సమాధుల మీద ఉంచే అలవాటు మన ప్రాంతంలో అనేక కుటుంబాలలో ఉన్నది. గింజ ఇఫ్తార్‌కు, ఆకు ఖబ్రస్తాన్‌కు! ఈ రెండింటి నడుమ ఆ మొక్కకు మన పెరట్లోనూ, వంటింట్లోనూ చోటు లేకుండా పోయింది. ఈ నెల మేము మాట్లాడదలచినది ఆ చోటును గురించే.

ముందుగా మా ఇంటి సంగతి చెప్పుకోవాలి. మా నానీ ఇల్లు ఏలూరు తంగెళ్ళమూడిలో ఉండేది. బావి గట్టు పక్కన ఒక సబ్జా పొద. వుజూ చేసి లేచినప్పుడల్లా ఆమె ఒక ఆకును వేళ్ళతో నలిపి వాసన చూసి, “సుబ్‌హానల్లాహ్” అనేవారు. ఆమె కన్నుమూసిన రోజున ఆ పొదను మొదలంటా కోసి జనాజాతో పాటు తీసుకువెళ్ళారు. ఆ తరువాత మా అమ్మీ ఆ మొక్కను ఇంట పెరగనివ్వలేదు. “అది మయ్యత్ వాసన. దాన్ని అన్నంలోకి ఎలా తెస్తారు?” అనేవారు. మేమెవరమూ ఎదురు చెప్పలేకపోయాము. దుఃఖం అంటుకున్న వాసనను వాదంతో వదిలించలేము కదా!

రెండు చోట్ల రైహాన్

అరబీ భాషలో రైహాన్ అంటే పరిమళించే మొక్క. ప్రత్యేకించి మనం సబ్జా అని పిలిచే ఈ మొక్కకే ఆ పేరు స్థిరపడింది. దివ్య ఖుర్ఆన్‌లో ఈ పదం రెండు చోట్ల వస్తుంది. అర్రహ్మాన్ సూరా 12వ ఆయతులో, భూమి మీద మానవులకు ప్రసాదించబడిన వరాలను లెక్కించే సందర్భంలో, పండ్లు, ఖర్జూర చెట్లు, పొట్టుతో కూడిన ధాన్యం తరువాత రైహాన్ ప్రస్తావన ఉంది. అక్కడ కొందరు ముఫస్సిర్లు ఆ పదానికి ఆహారం, ఉపాధి అని అర్థం చెప్పారు. మరికొందరు మనకు తెలిసిన సువాసన మొక్కే అన్నారు. ఇక అల్ వాఖిఅహ్ సూరా 89వ ఆయతులో, మరణ ఘడియను గురించి చెబుతూ, దైవసామీప్యం పొందినవారికి లభించే అనుగ్రహాలలో రైహాన్‌ను పేర్కొనడం జరిగింది.

ఈ రెండు ఆయతులను పక్కపక్కన పెట్టుకొని చదివినప్పుడు మా పొరపాటు మాకు తెలిసివచ్చింది. ఒకచోట రైహాన్ బ్రతుకుతున్నవారి ధాన్యం పక్కన ఉంది. మరొకచోట బ్రతుకు ముగిసినవారి స్వాగతంలో ఉంది. మేము రెండవదాన్ని ఉంచుకొని మొదటిదాన్ని మరచిపోయాము. సమాధుల మీద ఆకులు ఉంచే అలవాటు సరియైనదా, కాదా అనే చర్చ ఇక్కడ మా ఉద్దేశ్యం కాదు. బ్రతికి ఉన్నవారికి కూడా అల్లాహ్ ఇచ్చిన వరం ఇది అని గుర్తుచేసుకోవడమే మా ఉద్దేశ్యం.

దైవప్రవక్త (స) తన మనుమలు హజ్రత్ హసన్, హజ్రత్ హుసైన్ (రజి)లను ఈ లోకంలో తనకు లభించిన రెండు రైహాన్‌లుగా చెప్పుకున్నారని బుఖారీలో ఉంది. ఒడిలో ఆడుకునే బిడ్డలకు పెట్టిన పేరును మనం కేవలం శోకానికి పరిమితం చేయడం భావ్యమేనా?

ఇది తులసి కాదు

సబ్జా మొక్కకు తెలుగులో రుద్రజడ, భూతులసి అనే పేర్లు కూడా ఉన్నాయి. ఈ రెండవ పేరు వల్లనే కొందరు సోదరీమణులు సంశయిస్తారు. మన హిందూ సోదరులు కోటలో పెట్టి పూజించే తులసి వేరు, ఇది వేరు. రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలే అయినా జాతులు వేరు. తులసి కాండం మీద సన్నని నూగు ఉంటుంది, ఆకు అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి, వాసన ఘాటు. సబ్జా ఆకు నున్నగా మెరుస్తుంది, పూలు చాలావరకు తెల్లగా ఉంటాయి, వాసనలో లవంగం, సోంపు కలిసినట్లుంటుంది. పొరుగువారి తులసిని గౌరవించడం మన మర్యాద. మన రైహాన్‌ను మనం పెంచుకోవడానికి అది అడ్డు కాదు.

బేసిల్ అనే పేరుతో పెద్ద దుకాణాలలో చిన్న కట్టకు ఎక్కువ ధర పెట్టి అమ్మే ఆకు కూడా ఈ జాతిదే. ఇటలీవారి రకంలో తీపి వాసన ఎక్కువ, మన సబ్జాలో ఘాటు ఎక్కువ, అంతే తేడా. ఇరాన్‌లో రొట్టె, జున్నుతో పాటు పచ్చి ఆకుకూరల పళ్ళెం పెట్టుకొని తినడం ఆచారం. దానిని సబ్జీ ఖొర్దన్ అంటారు. ఆ పళ్ళెంలో రైహాన్ తప్పనిసరి. ఫార్సీలో సబ్జ్ అంటే పచ్చన. మన సబ్జా అనే మాట అక్కడి నుండే వచ్చింది. ఏలూరు తివాచీల నేతపనిని పర్షియా నుండి వచ్చినవారే ఇక్కడికి తెచ్చారని పెద్దలు చెబుతారు. తివాచీతో పాటు ఆ పళ్ళెం కూడా మనకు మిగిలి ఉంటే ఎంత బాగుండేది!

కుండీలో పెంచే విధానం

విత్తనం కోసం ఎక్కడికో వెళ్ళనవసరం లేదు. షర్బత్ కోసం కిరాణా దుకాణంలో కొన్న సబ్జా గింజలే చాలావరకు మొలుస్తాయి. అయితే సబ్జాకు, చియాకు తేడా చూసుకోవాలి. చియా మెక్సికో వైపు నుండి వచ్చిన వేరే మొక్క. దాని గింజలు బూడిద రంగులో మచ్చలతో ఉంటాయి. సబ్జా గింజ పూర్తిగా నలుపు, నీటిలో వేసిన కొద్ది నిమిషాలకే చుట్టూ జిగురు పొర ఏర్పడుతుంది. తీపి రకం నారు కావలసినవారికి గోదావరి ఆవల కడియం, కడియపులంక నర్సరీలు ఉండనే ఉన్నాయి.

మా మొదటి ప్రయత్నం విఫలమైంది. కారణాలు చెబితే మీకు పనికివస్తాయి. కొల్లేటి లంకలోని బంధువుల పొలం నుండి తెచ్చిన నల్లమట్టిని అలాగే కుండీలో నింపాము. వర్షాకాలంలో ఆ బంకమట్టి నీటిని వదలక వేళ్ళు కుళ్ళాయి. రెండవసారి బోరు నీరు పోశాము. ఆకుల అంచులు మాడిపోయాయి. కొల్లేటి ప్రాంతంలో చాలా చోట్ల భూగర్భ జలం ఉప్పన. ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నే నేల అది. తాగునీటి యంత్రం నుండి వృథాగా వచ్చే నీటిలో లవణాలు మరింత ఎక్కువ కనుక దానిని కూడా పోయరాదు. కాలువ నీరు, పట్టి ఉంచిన వాన నీరు, బియ్యం కడిగిన నీరు మంచివి.

మూడవసారి ఇలా చేశాము. ఒక పాలు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, గుప్పెడు కొబ్బరి పొట్టు కలిపాము. అడుగున రంధ్రాలున్న పది అంగుళాల కుండీ తీసుకున్నాము. గింజలను పైపైన చల్లి, పలుచగా మట్టి రాల్చి, చేత్తో నీరు చిలకరించాము. వారం పది రోజులలో మొలకలు వచ్చాయి. ఆరు ఆకులు తొడిగాక ఒక కుండీకి రెండు మొక్కలు ఉంచి మిగిలినవి వేరే కుండీలలోకి మార్చాము.

మన జిల్లాలలో వానలు వెనుకబట్టాక, అక్టోబరు చివర నుండి ఫిబ్రవరి వరకు విత్తుకోవడం అనుకూలం. రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. రోహిణి కార్తె ఎండలలో మాత్రం మధ్యాహ్నం నీడ పట్టున ఉంచాలి. పై మట్టి ఆరినప్పుడే, ఉదయం పూట నీరు పోయాలి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం చల్లి, రెండు మూడు రోజులు ఆకు కోయకుండా ఉంచి, ఆపైన బాగా కడిగి వాడాలి.

మొక్క జానెడు ఎత్తు పెరగగానే కొన తుంచాలి. తుంచిన ప్రతిచోటా రెండు కొమ్మలు వస్తాయి. ఒకేసారి మూడవ వంతుకు మించి ఆకు కోయకూడదు. ఆకు కావాలంటే పూమొగ్గలను ఎప్పటికప్పుడు తీసివేయాలి. గింజలు కావాలంటే ఒక మొక్కను పూతకు వదలాలి. మొక్క ముదిరే లోపు ఒక రెమ్మను నీటి గ్లాసులో పెడితే రెండు వారాలలో వేళ్ళు వేస్తుంది. అలా ఒక మొక్క నుండి మరొకటి, ఏడాది పొడవునా.

వంటలో వాడే విధానం

ఖుర్ఆన్ పఠించే కపట విశ్వాసిని దైవప్రవక్త (స) రైహాన్‌తో పోల్చారు. వాసన మంచిదే కాని రుచి చేదు అని ఆ హదీసు భావం. వంట చేసేవారికి ఇందులోని వాస్తవం వెంటనే బోధపడుతుంది. పూత పూసి ముదిరిన ఆకు చేదెక్కుతుంది. ఎక్కువసేపు ఉడికించినా అంతే, సువాసన ఆవిరైపోయి చేదు మిగులుతుంది. కనుక లేత ఆకు కోయాలి, పొయ్యి ఆర్పిన తరువాతే వేయాలి. ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు. ఇక ఆ పోలికలోని హెచ్చరిక ఆకును గురించినది కాదు, మనలను గురించినది.

కొల్లేటి చేపకు ఇది చక్కగా నప్పుతుంది. అర కిలో కొరమేను ముక్కలకు ఉప్పు, పసుపు, చెంచా కారం, నాలుగు వెల్లుల్లి రెబ్బల ముద్ద, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచండి. పెనం మీద కొద్దిపాటి నూనెలో రెండు వైపులా వేయించి దించండి. ఆ వేడి మీద గుప్పెడు రైహాన్ ఆకులు చేత్తో తుంచి చల్లి రెండు నిమిషాలు మూత పెట్టండి. బొచ్చె, శీలావతి చేపలైనా సరే.

రోటి పచ్చడికి గుప్పెడు వేయించిన పల్లీలు, రెండు పచ్చిమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు దంచి, చివరలో రెండు గుప్పెళ్ళ ఆకు వేసి కచ్చాపచ్చాగా నూరి, నిమ్మరసం, చెంచా నూనె కలపాలి. ఇటలీలోని జెనోవా నగరపు పెస్టోకు ఇది మన ఇంటి చెల్లెలు. పెస్టోలో వేసే పార్మెజాన్ జున్నును సంప్రదాయంగా దూడ కడుపు నుండి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. సీసాలలో కొనేవారు హలాల్ విషయం చూసుకోవాలి. పల్లీలతో ఇంట్లో నూరుకుంటే ఆ చింత లేదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయను సన్నగా తరిగి, పెరుగులో కలిపి, నాలుగు ఆకులు తుంచి వేస్తే బిర్యానీ పక్కన పుదీనా లేని లోటు తెలియదు.

కోసిన రెమ్మలను ఫ్రిజ్‌లో పెడితే నల్లబడతాయి. గ్లాసు నీటిలో నిలబెట్టి వంటింటి గట్టు మీద ఉంచితే మూడు నాలుగు రోజులు నిలుస్తాయి.

షర్బత్ విషయంలో ఒక జాగ్రత్త. చెంచా గింజలను పెద్ద గ్లాసు నీటిలో కనీసం ఇరవై నిమిషాలు నానబెట్టాలి. పొడి గింజలు గొంతులో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. పసిపిల్లలకు, మింగడం కష్టమైన వృద్ధులకు ఇవ్వకండి. మధుమేహం ఉన్నవారికి గింజ మేలు చేస్తుందని గ్లాసు నిండా చక్కెర కలిపి ఇవ్వడం మేలు కాదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడిగి వాడటం మంచిది.

అమ్మీ పళ్ళెంలో

మూడవ కుండీ నిలదొక్కుకున్న తరువాత ఒక శుక్రవారం మేము కొరమేను వేపుడు చేశాము. అమ్మీకి ఆకు లేని ముక్కలు వేరుగా తీసి పెట్టాము. ఆమె మనసు కష్టపెట్టడం మాకు ఇష్టం లేదు. వాసన గదంతా నిండింది. ఆమె చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. తరువాత మా పళ్ళెంలోని ఒక ముక్క తానే తీసుకొని, “మా అమ్మ వుజూ చేసుకుని లేస్తే ఇలాగే వాసన వచ్చేది” అన్నారు. మయ్యత్ వాసన అనలేదు. ఆ మరుసటి రోజు నుండి కుండీకి నీరు పోసే పని ఆమె తీసుకున్నారు.

ఒక ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గాని, పశువు గాని, పక్షి గాని తింటే అది అతనికి దానమవుతుందని హదీసు. రైహాన్ ఎవరైనా ఇస్తే కాదనవద్దని, అది మోయడానికి తేలిక, వాసనకు మంచిదని కూడా ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. కాబట్టి ఈసారి రెమ్మకు వేళ్ళు రాగానే ఒకటి మీ కోసం ఉంచుకొని, ఒకటి పక్కింటివారికి ఇవ్వండి. వారు ఏ మతంవారైనా సరే. ఇంటిలో ఎవరికైనా ఆ వాసన ఒక దుఃఖాన్ని గుర్తుచేస్తుంటే తొందరపెట్టకండి. కుండీని ఎండలో ఉంచి, నీరు పోస్తూ, వేచి ఉండండి. ఇన్షా అల్లాహ్, వారి చేయి కూడా ఆ ఆకును తాకే రోజు వస్తుంది.