తాడు రెండో కొస

శ్రీసిటీ వచ్చాక తడ చుట్టుపక్కల అద్దె గదులు, మెస్సులు, లాడ్జీలు పెరిగాయి. వాటితోపాటే సెప్టిక్ ట్యాంకులూ. నిండినప్పుడు ఫోన్ చేస్తే బండి వస్తుంది. పైపుతో లాగినంత లాగి, అడుగున మడ్డి గట్టిపడిందంటూ వచ్చినవాళ్లలో ఒకరు చొక్కా విప్పుతారు. భయపడవలసింది అప్పుడే.

2017 మార్చిలో మొగల్తూరు మండలం నల్లంవారి తోటలో ఆక్వా ఫ్యాక్టరీ వ్యర్థాల ట్యాంకు ఐదుగురిని మింగింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరంలో కోళ్ల హేచరీ ట్యాంకులో ఏడుగురు, 2023 ఫిబ్రవరిలో పెద్దాపురం మండలం జి.రాగంపేటలో నూనె ట్యాంకులో మరో ఏడుగురు పోయారు. దిగినవాడు పలకకపోతే పైనున్నవాడు ఊరుకోలేడు. అన్నో తమ్ముడో, ఒక ఊరివాడో అయి ఉంటాడు. ఏ బంధుత్వమూ లేకపోయినా దిగుతారు. 2015 నవంబరులో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో పడిపోయిన ఇద్దరు ఆంధ్రా కూలీల కోసం చెయ్యి అందించబోయి ఆటో డ్రైవర్ నౌషాద్ ప్రాణం పోగొట్టుకున్నాడు. వాళ్లెవరో అతనికి తెలియదు. ముగ్గురూ దక్కలేదు. ఇరుకు చోట్ల ప్రమాదాల్లో చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికా వృత్తి భద్రతా సంస్థ 1986లోనే హెచ్చరించింది.

పాడుబడ్డ బావిలో దిగేముందు మన పెద్దలు లాంతరు దించి చూసేవారు. ఆరిపోతే దిగేవారు కాదు. తెలివైన పనే, కానీ సెప్టిక్ ట్యాంకు దగ్గర అది కొంప ముంచుతుంది. మీథేన్ ఉంటే భగ్గుమంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని చంపేంత ఉన్నా దీపం నిక్షేపంగా వెలుగుతుంది. ముక్కునూ నమ్మలేం. కుళ్లిన కోడిగుడ్డు వాసన ముందు గుప్పుమంటుంది, మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తే పోతుంది. వాసన తగ్గిందని దిగేవాళ్లు మోసపోయేది ఇక్కడే. గాలిని మీటరుతోనే చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగకూడదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ రాసినవాళ్లకు, పడిపోయినవాడి కోసం వెనకాలే దిగిపోయే ఈ మనిషి గుణం బాగా తెలిసినట్టుంది. లోపలి గాలిని పరీక్షించి అర్హుడైనవాడు రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, బెల్టుకు తాడు ఉండాలని అందులో రాశారు. ఆ తాడు రెండో కొస బయట ఇంకొకరి చేతిలో ఉండాలన్నారు. తాడు పట్టుకున్నవాడికి దిగవలసిన అవసరం రాదు, పైనుంచే లాగుతాడు. తాడు లేకుండా దిగినవాడు పడిపోతే, చేయగలిగింది 101కి ఫోన్ చేసి, గాలి ఆడేలా చూసి, ఇంకెవరినీ దిగనివ్వకపోవడం. కళ్ల ముందు అయినవాడు పడి ఉంటే అది ఎంత కష్టమో వేరే చెప్పాలా.

ఇళ్ల దగ్గర అంతవరకూ రానక్కర్లేదు. మడ్డి గట్టిపడితే నీళ్లు కొట్టి, కరిగించి, మళ్లీ పైపుతో లాగమనవచ్చు. ఇంకో ట్రిప్పు డబ్బులు అడుగుతారు, ఇవ్వాల్సిందే. రక్షణ సాధనాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించితే, చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం కింద మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెప్టిక్ ట్యాంకు ఫ్యాక్టరీదైనా, ఇంటిదైనా ఆ శిక్ష ఒకటే.