ఎవరి బలం ఎంత?

సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళలో ఒక తగాదా తప్పదు. పిల్లలిద్దరు టీవీ ముందు కూర్చుని, ఒకరినొకరు కొట్టుకునే వీడియో ఆట ఆడతారు. ఓడినవాడు లేచి, “వాడు ఎంచుకున్న యోధుడే అటువంటివాడు, ఎవరు ఆడినా గెలుస్తాడు” అంటాడు. గెలిచినవాడు, “కాదు, అది నా చేతి నేర్పు” అంటాడు. తీర్పు చెప్పవలసినది పెద్దలు. ఆ పెద్దలకేమో ఆటే తెలియదాయె! “నోరు మూసుకుని ఆడుకోండిరా” అనడం తీర్పు కాదు గదా. ఓడినవాడి మాటలో ఒక్కొక్కప్పుడు నిజం ఉంటుంది.

ఈ ఆటలకు బాట వేసినది 1991లో జపాను దేశపు క్యాప్‌కామ్ సంస్థ తెచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’. అందులో ఆడేవారు ఎనిమిదిమంది యోధులలో ఒకరిని ఎంచుకోవాలి. ఒకడు దూరం నుంచి నిప్పుబంతి విసురుతాడు. ఒకడు మీదికి వచ్చి పట్టుకుని నేలకేసి కొడతాడు. చేతులూ కాళ్ళూ బారలు బారలుగా సాచి కొట్టే మన దేశపు యోగి ధల్సిమ్ కూడా వారిలో ఉన్నాడు.

ఇంత వేరువేరు బలాలున్నప్పుడు సమానత ఎక్కడిది అంటారేమో. మన పులిజూదం తలచుకోండి. తమిళనాట ఆడు పులి ఆట్టమనీ, కన్నడసీమలో ఆడు హులి ఆట అనీ మన ఇరుగుపొరుగులు కూడా ఆడేదే. పులులు మూడు, మేకలు పదిహేను. పులి దూకి చంపుతుంది. మేక చంపలేదు, దారి కట్టివేస్తుంది. బలాలు వేరైనా గెలిచే అవకాశం ఇద్దరికీ ఉండాలి. ఆటలో సమానత అంటే అంతే.

దీన్ని తూచేదెట్లా? గుమాస్తా పని చేసేవాళ్ళం గనుక మాకు అంకెల మీద గురి ఎక్కువ. ఆరితేరిన ఆటగాళ్ళు కూడా అంకెలే వేస్తారు. సమానమైన నేర్పుగల ఇద్దరు పది ఆటలు ఆడితే ఈ యోధుడికి ఎన్ని, ఆ యోధుడికి ఎన్ని అని చూస్తారు. అయిదు–అయిదు అయితే సరిజోడు. ఆరు–నాలుగు అయితే కొంచెం మొగ్గు. ఏడు–మూడు అయితే ఓడేవాడికి గడ్డుకాలమే. ఇట్లా ప్రతి యోధుడినీ మిగిలిన అందరితోనూ జతకట్టి చూడాలి. పట్టు పట్టేవాడు నిప్పుబంతివాడి ముందు తేలిపోయినంత మాత్రాన అందరి ముందూ బలహీనుడు కాడు.

రెండో గుర్తు, పందెం పెట్టి ఆడేవారు ఎవరిని ఎంచుకుంటున్నారన్నది. ‘టెక్కెన్ 7’ అనే ఆటలోకి 2019 డిసెంబరులో లీరాయ్ స్మిత్ అనే యోధుణ్ణి చేర్చారు. మరుసటి నెల జపానులో జరిగిన ఈవో పోటీలో చివరి ఎనిమిదిమందిలో ఆరుగురు అతణ్ణే పట్టుకుని వచ్చారు. గెలిచినవాడూ అతనితోనే గెలిచాడు. ఇది ఓడినవారి ఏడుపు అని కొట్టివేయడానికి లేదు. తయారుచేసినవారే తర్వాత అతని బలం తగ్గించారు. 1994 నాటి ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో’లో అకుమా అనే దాగిన యోధుడి సంగతి ఇంకా ముదిరింది. అమెరికా పోటీలలో అతణ్ణి ఎంచుకోకూడదని నిషేధమే పెట్టారు.

అయితే తొందరపడి ముద్ర వేయకూడదు. 2001లో వచ్చిన ‘స్మాష్ బ్రదర్స్ మెలీ’లో యోషి అనే యోధుడితో పెద్ద పోటీలు గెలవడం కల్ల అని చాలామంది చాలాకాలం తీర్మానించి కూర్చున్నారు. ఆమ్సా అనే జపాను ఆటగాడు ఏళ్ళ తరబడి ఆ యోషినే సాధన చేసి, 2022లో అమెరికాలో ‘బిగ్ హౌస్ 10’ అనే పెద్ద పోటీ గెలిచాడు. ఈ మధ్యకాలంలో ఆటలో ఏమీ మారలేదు. మారినది ఆడేవారి తెలివిడి. కనుక నిన్న వచ్చిన యోధుణ్ణి ఈవేళే దోషి అనకండి. అతని దెబ్బకు విరుగుడు ఉన్నదా అని వెదికే వ్యవధి ఇవ్వండి.

ఇక ఇంట్లో తగాదాకు వద్దాం. పిల్లలిద్దరినీ యోధులను మార్చుకోమనండి. చెయ్యి అలవాటు పడడానికి రెండు మూడు రోజులు గడువిచ్చి, ఆ తర్వాత పది ఆటలు ఆడించండి. కాగితం మీద గీతలు పెట్టండి. ఏ యోధుడితో ఆడినా ఒకే పిల్లవాడు గెలుస్తుంటే అది నేర్పు. ఓడినవాణ్ణి సాధన చేయమనాలి. గెలుపు యోధుడి వెంట పోతుంటే ఫిర్యాదు నిజం. ఆ యోధుణ్ణి వంతులవారీగా ఆడాలని ఇంటి నియమం పెట్టాలి. చిన్నవాడి మాట విని లెక్క చూశారన్న నమ్మకం వాడికి కలిగితే, రేపు ఓడినా తిన్నగా ఓడతాడు.

అప్పటికీ తగాదా తీరలేదా? పది ఆటలూ అయ్యేసరికి ఎట్లాగూ భోజనాల వేళ అవుతుంది.