బండి మోకాళ్ళు, అత్తయ్య మోకాళ్ళు

మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున్నే మా అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగానే లోపలికి వచ్చారు. "అమ్మాయ్, మీ బండి గేదె పడుకున్నట్టు ఓ పక్కకి కూలబడిందేమిటమ్మా?" అన్నారు.

వెళ్ళి చూద్దును కదా, నిజమే. వెనక కుడివైపు చక్రం సగం దాకా లోపలికి దూరిపోయి కనిపించింది. గబగబా స్టార్ట్ చేశాను. కింద ఎక్కడో మిక్సీ తిరిగినట్టు చప్పుడు మొదలైంది. రెండు మూడు నిమిషాలకి ఆ మూల మెల్లిగా పైకి లేచింది. "లేచిందిలెండి అత్తయ్యా" అని నవ్వేసి పిల్లల్ని స్విమ్మింగ్ క్లాసుకి తీసుకుపోయాను. అలా ఊరుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

మేముండేది డాలస్ పక్కన ఒక ఊళ్ళో. మాది 2008 నాటి ఏడు సీట్ల ఎస్‌యూవీ. 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పేరు చెప్పను, ఇన్నేళ్ళు మమ్మల్ని మోసిన బండి, దాన్ని తిట్టడానికి మనసు రాదు. మావారికి ఆఫీసుకి వేరే కారుంది. దీన్ని నడిపేది నేనే. స్కూలు, కూరగాయలు, సంగీతం క్లాసు, గుడి, అన్నీ దీంట్లోనే.

ఈ బండికి ఉన్న ప్రత్యేకత, ఎత్తు మార్చుకునే సస్పెన్షన్. మామూలు కార్లలో చక్రం దగ్గర స్టీలు స్ప్రింగు ఉంటుంది కదా, దీంట్లో ఆ చోట గాలి నింపిన రబ్బరు తిత్తి ఉంటుంది. కమ్మరి కొలిమి తిత్తిని ఊహించుకోండి. అలాంటివి నాలుగు చక్రాలకీ నాలుగు. వాటికి గాలి కొట్టడానికి ఒక చిన్న కంప్రెసర్, ఏ మూలకి ఎంత గాలి పోవాలో తిప్పే వాల్వులు, ఏ మూల ఎంత ఎత్తులో ఉందో చెప్పే సెన్సర్లు. వెనకాల ఆరు సూట్‌కేసులు పెట్టినా గాలి పెంచుకుని బండి సమంగా నిలబడుతుంది. బటన్ నొక్కితే పైకి లేస్తుంది, ఇంకో బటన్ నొక్కితే రెండంగుళాలు కిందికి దిగుతుంది.

కొన్నప్పుడు ఆ బటన్ చూసి "ఇదెందుకు, షోకు కాకపోతే" అన్నది నేనే. ఆ రెండంగుళాల విలువ అత్తయ్య వచ్చాక తెలిసింది. ఆవిడకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆరునెలలు ఉందామని వస్తే, మొదటి రోజు ఎయిర్‌పోర్ట్‌లో బండి ఎక్కడానికే అవస్థ పడ్డారు. అప్పుడు బటన్ నొక్కాను. బండి మెల్లిగా కిందికి దిగింది. "ఓరి నీ తెలివి! మా ఊరి ఏనుగు కూడా ఇట్లాగే మోకాలు వంచేది" అని ముచ్చటపడి ఎక్కి కూర్చున్నారు. అప్పటినుంచి ఎక్కడికైనా ఆవిడే ముందు తయారు.

సరే, కూలబడిన రోజు తరువాత ఇంకో రెండు వారాలు అలాగే లాగించాను. రోజూ పొద్దున్న ఆ చప్పుడు ఇంకొంచెం ఎక్కువసేపు. ఒకరోజు మీటర్ బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. దాంతో ఎత్తు మార్చే బటన్ పనిచేయడం మానేసింది. వెనక మూల కుంగుతుంది, ముందు తలుపు దగ్గర మాత్రం ఎత్తు ఎత్తే.

డీలర్ దగ్గరికి తీసుకెళ్ళాం. కౌంటర్లో అబ్బాయి నేను చెప్పేది సగం విని, మిగతా సగం మావారికి ఫోన్ చేసి అడిగాడు. బండి నడిపేది నేను, చప్పుడు విన్నది నేను, ప్రశ్నలు మాత్రం ఆయనకి! సాయంత్రానికి అంచనా పంపించారు. కంప్రెసర్ కాలిపోయే దశలో ఉంది, నాలుగు తిత్తులూ పాతబడ్డాయి, అన్నీ మార్చాలి, 5,200 డాలర్లు. మా బండిని అమ్మితే అంత రాదు.

ఇంట్లో చర్చ మొదలైంది. మావారు "ఇంక దీన్ని వదిలించుకుందాం, కొత్తది తీసుకుందాం" అన్నారు. ఆయన స్నేహితుడు ఇంకో మాట చెప్పాడు. "ఆ గాలి గొడవంతా పీకేసి నాలుగు స్టీలు స్ప్రింగులు వేయించెయ్, 1,400లో అయిపోతుంది, మళ్ళీ జన్మలో ఆ లైటు చూడవు" అని. మావారికి అది నచ్చేసింది. నాకూ నచ్చింది, నిజం చెప్తున్నాను. లెక్క చూస్తే అదే సబబుగా ఉంది.

అదే వారం శనివారం ఫ్రిస్కోలో హనుమాన్ గుడికి వెళ్దామంటే అత్తయ్య "మీరు వెళ్ళి రండమ్మా, నాకు ఓపిక లేదు" అన్నారు. మర్నాడు కాస్ట్కోకి రానన్నారు. పార్కుకీ రానన్నారు. ఎండకి నీరసమేమో అనుకున్నాను. మా అమ్మాయి చెప్పింది అసలు సంగతి. "నానమ్మకి కారు ఎక్కడం రావట్లేదమ్మా. మొన్న ఎక్కబోయి జారారు. నీకు చెప్పొద్దన్నారు."

నాకు గొంతులో ముద్ద అడ్డం పడినట్టైంది. స్టూలు వేయచ్చు కదా అంటారేమో, వేశాం. గుడి పార్కింగ్‌లో అందరూ చూస్తుండగా స్టూలు ఎక్కి దిగడం ఆవిడకి చిన్నతనంగా ఉంది. పైగా అది కదులుతుందని భయం. ఎవరికీ శ్రమ ఇవ్వకూడదని ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. వేల మైళ్ళు దాటి మనవల కోసం వచ్చిన మనిషి, రెండంగుళాల ఎత్తు దాటలేక ఆగిపోయారు.

అప్పుడు అర్థమైంది, మేము రాసుకున్న లెక్కలో ఏం లేదో. కాగితం మీద డాలర్లున్నాయి, బండి వయసుంది, అమ్మితే వచ్చే ధర ఉంది. ఆ బండి ఎక్కే మనిషి లేరు. స్టీలు స్ప్రింగులు వేస్తే బండి ఎప్పటికీ ఒకే ఎత్తులో ఉండిపోతుంది. ఆ బటన్ ఇంక అలంకారమే.

ఆ రోజు రాత్రి కూర్చుని ఈ సస్పెన్షన్ గురించి దొరికినంతా చదివాను. చదివితే ఒక సంగతి తెలిసింది. కంప్రెసర్ ఊరికే కాలిపోదు. ఎక్కడో తిత్తి చీలి గాలి పోతుంటుంది. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ పదే పదే తిరుగుతుంది, వేడెక్కుతుంది, చివరికి అలిసిపోతుంది. చప్పుడు చేసేది అది కాబట్టి తప్పంతా దానిదే అనుకుంటాం. లీకు అలాగే ఉంచి కొత్త కంప్రెసర్ వేస్తే, కొత్తదీ అదే దారిన పోతుంది. ఇంట్లో పొద్దున్నించి రాత్రిదాకా తిరిగే మనిషికి ఇది వేరే చెప్పాలా!

మర్నాడు గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు స్ప్రే సీసాలో పోసుకుని బయటికి వెళ్ళాను. బండి పూర్తిగా లేచాక ఇంజిన్ ఆపి, చక్రం పక్కనుంచి తిత్తి మీద కొట్టాను. రబ్బరు మడత పడే చోట చిన్న చిన్న బుడగలు లేచాయి, పిండి పులిసినట్టు. టెక్సాస్ ఎండకీ, వయసుకీ ఆ మడత దగ్గర రబ్బరు బీటలు వారింది. ఎడమవైపు బుడగలు లేవు గానీ బీటలున్నాయి. ముందు రెండూ బాగానే కనిపించాయి.

ఒక్క మాట. ఇది మీరూ చేయచ్చు గానీ, చక్రానికీ పైన రేకుకీ మధ్య చెయ్యి పెట్టకండి. గాలి మీద నిలబడ్డ బండి ఎప్పుడైనా దిగిపోవచ్చు. దాని కిందకి అసలు దూరకండి. ఆ పని సరైన స్టాండులు ఉన్న మెకానిక్‌ది.

ఫోన్లో వీడియో తీసి, ఇర్వింగ్‌లో సొంతంగా షెడ్డు నడుపుకునే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన వీడియో చూసి, బండి కింద చూసి, నన్నే అడిగాడు. "ఈ బండితో మీకు ఏం పని? బరువులు లాగుతారా? ఎత్తు మార్చే బటన్ వాడతారా?" ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది! అత్తయ్య సంగతి చెప్పాను. "అయితే గాలిదే ఉంచుకోండి" అన్నాడు.

వెనక తిత్తులు రెండూ కలిపి మార్చాడు. ఒకటి చీలితే రెండోది దాని ఈడుదే కాబట్టి జతగా మార్చడమే మంచిదట. కంప్రెసర్ ఎంత ఒత్తిడితో గాలి కొడుతుందో కొలిచి చూశాడు, ఇంకా పనికొస్తుందన్నాడు. గాలిలో తేమ పీల్చే గుళికలు ఒక డబ్బాలో ఉంటాయి, అవి పొడిపొడి అయిపోతే వాల్వుల్లో ఇరుక్కుంటాయట, అవి మార్చాడు. కంప్రెసర్‌ని ఆన్ ఆఫ్ చేసే రిలే కూడా మార్చాడు. అది అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి మాడిపోతుంది. చివర్లో సెన్సర్ల ఎత్తు సరిచేశాడు. అన్నీ కలిపి 1,180 డాలర్లు.

మావారు అన్నది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. "ఈ ఏడు వెనకవి, వచ్చే ఏడు ముందువి. రెండూ కలిపితే స్ప్రింగుల ఖర్చు దాటిపోతుంది" అన్నారు. నిజమే, దాటవచ్చు. నేను కాదనలేదు. "దాటితే దాటనివ్వండి, మీ అమ్మ గుడికి వచ్చే ఖర్చనుకోండి" అన్నాను. ఆయన ఇంక మాట్లాడలేదు.

స్టీలు స్ప్రింగులు వేయించుకున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళని నేననడం లేదు. ఈ తర్జనభర్జన పాతదే. అమెరికాలో 1957లోనే క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అనే ఖరీదైన కారుకి గాలి సస్పెన్షన్ పెట్టారు. అవి కారుతూ ఉంటే విసిగిపోయి చాలామంది మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. ఎత్తు మార్చే అవసరం లేకపోతే, ఇంట్లో అందరూ సులువుగా ఎక్కగలిగితే, స్ప్రింగులే సుఖం. కాకపోతే ఏం పోతుందో తెలుసుకుని వేయించుకోండి. వెనకాల సామాను నింపితే బండి వెనక్కి వాలుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో పడతాయి. పసుపు లైటు ఆర్పడానికి వేరే పరికరం పెట్టించాల్సి రావచ్చు. బండి అడుగు తుప్పు పట్టి, ఇంజిన్ కూడా మొరాయిస్తుంటే బాగుచేయించడం కంటే అమ్మేయడం మేలు. అప్పుడు మనసు చంపుకోవాల్సిందే.

ఏం చేసినా, నాలా నవ్వేసి ఊరుకోవద్దు. కుంగిన మూలతో హైవే మీద పోవడం ప్రమాదం, గుంతల్లో దెబ్బలన్నీ నేరుగా బండి ఒంటికే తగులుతాయి. మా టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ కూడా తీసేశారు. మా వైపు కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. ఇంక చూసుకునేవాళ్ళం మనమే.

అందుకే షెడ్డుకి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. లీకు ఎక్కడుందో నాకు చూపిస్తారా? కంప్రెసర్‌ని కొలిచి చెప్తున్నారా, ఊహించి చెప్తున్నారా? కొత్తగా వేసే భాగానికి వారంటీ ఎన్నాళ్ళు? నాలుగోది ఇంట్లో అడగాల్సింది, ఈ బండి ఎవరెవరు ఎక్కుతారు? పాత ఫ్రిజ్జుకైనా, మంచానికైనా, బాత్రూముకైనా ఇదే ప్రశ్న వర్తిస్తుంది. లెక్క వేసేవాళ్ళు చాలాసార్లు ఆ వస్తువుతో అవసరం ఉన్నవాళ్ళు కారు. అవసరం ఉన్నవాళ్ళేమో నోరు విప్పి చెప్పరు.

బండి ఇంటికొచ్చిన శనివారం, అత్తయ్యకి ఏమీ చెప్పకుండా తలుపు తీసి బటన్ నొక్కాను. బండి కిందికి దిగింది. ఆవిడ ఒక క్షణం చూసి లోపలికి వెళ్ళిపోయారు. నా గుండె గుభేలుమంది. రెండు నిమిషాల్లో గంధం రంగు పట్టుచీర కట్టుకుని, చేతిలో కొబ్బరికాయతో వచ్చారు.

"ఆలస్యమైందా అమ్మాయ్? పద, ఇవాళ గుడిలో రద్దీ ఉంటుంది" అన్నారు.